బోణీ సూది

నా సర్వీసులో ఎన్ని గేదెల్ని బతికించానో నాకు లెక్క తెలీదు. ఎన్ని కోళ్ళని చంపానో మాత్రం వంశధార ఒడ్డున ఒక ఊరు ఊరంతటికీ తెలుసు.

మొన్న మా ఇంటికి టీ తాగడానికి వచ్చిన మీలో ఒకమ్మాయి అడిగింది: "టీకా వేస్తే కోళ్ళు చచ్చిపోతాయని జనం ఇంకా అంటున్నారు సార్. ఈ అజ్ఞానం ఎప్పుడు పోతుంది?" నేను బిస్కెట్టు నములుతూ తలూపి ఊరుకున్నాను. మీరు వెళ్ళిపోయాక ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ అజ్ఞానంలో కొంత భాగం నేను స్వయంగా తయారుచేసిందే. మీరు మన పశువైద్య శాఖలో ఇప్పుడే చేరారు కాబట్టి నా ద్వారా తెలుసుకోవడమే నయం. ఆ ఊరి వాళ్ళయితే ఇంకొంచెం కలిపి చెబుతారు.

పదేళ్ళు దాటింది. అప్పుడు నేను శ్రీముఖలింగానికి కొంచెం దూరంలో ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. జనం నన్ను కాంపౌండరనుకునేవారు. నేను నన్ను డాక్టరనుకునేవాణ్ణి. కాగితాల మీద నేను రెండూ కాదు, డాక్టరుకి సహాయకుణ్ణి.

అసలు డాక్టరు విజయనగరం నుంచి వచ్చిన అమ్మాయి. మొదటి పోస్టింగు. ప్రతి కేసుకీ పుస్తకం తెరిచి చూసుకునేది. నేను పుస్తకం చూడకుండా వైద్యం చేసేవాణ్ణి, అదే నా గొప్ప అనుకునేవాణ్ణి. మూడో మనిషి మా అటెండరు, మా ఇద్దరికంటే సీనియరు. ఏ పశువునైనా రెండు నిమిషాలు చూసి "ఉంటాది" అనో "పోతాది" అనో అనేవాడు. అతని మాట తప్పగా నేను చూడలేదు. అయితే చదువుకోలేదు కదా, అందుకని మేం పట్టించుకునేవాళ్ళం కాదు.

కోడి అంటే నాకు చిన్నచూపు. గేదె కష్టపడి ఈనుతుంటే ఊరంతా చుట్టూ చేరుతుంది, మనం చొక్కా విప్పి దిగితే హీరోలం. కోడి దగ్గర హీరో అవడం ఎలా? పట్టుకోబోతే పరిగెడుతుంది, పట్టుకుంటే మన చొక్కా మీదే వెళుతుంది. "కోళ్ళ డాక్టరొచ్చాడు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది.

కానీ ఎండలు ముదిరేలోగా ఊళ్ళల్లో కోళ్ళకి టీకాలు వేయక తప్పదు. కొక్కెర తెగులు దిగిందంటే మెడలు మెలితిరిగి, పచ్చగా పారుకుని, వారం తిరక్కుండా ఊళ్ళో కోడి కూత వినబడదు. టీకాకి పాటించాల్సినవి మీకు తెలిసినవే. మందు ఐసులో ఉండాలి. కలిపాక వెంటనే వాడెయ్యాలి. ఒంట్లో బాగున్న కోడికే వెయ్యాలి. సూది మారుస్తుండాలి. మొదటి రెండూ నేను పాటించాను. ఆ సంగతి పై అధికారులకి రాసిన జవాబులో మూడు సార్లు రాసుకున్నాను కూడా.

ఆ రోజు సాయంత్రం ఏటొడ్డు ఊళ్ళో టీకాలు వేయాలి. కోళ్ళు గూటికి చేరే వేళ అయితే పట్టుకోవడం సులువు. దానికి ముందు మధ్యాహ్నం నేనూ అటెండరూ నా బండి మీద పక్క ఊరు వెళ్ళాం. ముందురోజు అక్కడ ఒక రైతు గేదెకి దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి లాగాను. తల్లీ పిల్లా బాగున్నాయి. రైతు కళ్ళకి నేను దేవుడిలా కనబడుతున్నాను. దేవుడికి నైవేద్యంగా ఎర్రపెట్టనొకదాన్ని కాళ్ళు కట్టి తెచ్చిచ్చాడు.

"ఒద్దనకండి సారూ. మా ఇంట్లో ఇంక ఇదొక్కటే మిగిలినాది," అన్నాడు.

మిగతావి ఏమయ్యాయని అడగాలి. ఈ శాఖలో జీతం తీసుకునే ఎవడైనా అడుగుతాడు. నేను "ఎందుకండీ ఇవన్నీ" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే పెట్టని బండి హ్యాండిలుకి తగిలించేశాను.

దారిలో అటెండరు వెనక నుంచి తొంగి చూశాడు. "సారూ, ఇది తల ఏలాడేస్తన్నాది."

"తలకిందులుగా కడితే నువ్వు వేలాడెయ్యవా?"

"ఏలాడేస్తాను గానండి, కళ్ళు ముయ్యను."

నాకు నవ్వొచ్చింది. ఇలాంటి జోకులకి నవ్వడమే తప్ప అందులో రోగలక్షణం ఉందని గుర్తించడం అప్పటికి నాకు రాలేదు.

ఏటొడ్డు ఊళ్ళో మాకు ఎప్పుడూ ఆతిథ్యమిచ్చేది ఒక మీసాలాయన. నలభై ఏళ్ళుంటాయి. ఊళ్ళో ఎక్కువ కోళ్ళు ఆయనవే. ఆయన వాకిట్లో నా పెట్టని కట్లు విప్పి, ఒక కాలికి తాడేసి, గుంజకి కట్టాను. పాపం దాహంగా ఉందేమో అని ఆయన కోళ్ళు తాగే మూకుడు దగ్గరికి జరిపాను కూడా. జీవకారుణ్యం నాకు మొదట్నుంచీ ఎక్కువే.

జనం కోళ్ళని చంకల్లో పెట్టుకుని వచ్చారు గానీ ముందుకు రావడం లేదు. "పోయినేడు సూదులేసినాక నాలుగు సచ్చిపోనాయి సారూ," అంది ఒకావిడ. "ముందు ఆళ్ళింటోళ్ళయి ఏయండి," అని పక్కావిణ్ణి చూపించింది. పక్కావిడ వెనక్కి జరిగింది.

నాకు పౌరుషమొచ్చింది. చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆ తర్వాత గుంజ దగ్గరికి వెళ్ళి నా పెట్టని ఎత్తి అందరికీ చూపించాను.

"ఇది నా సొంత కోడి. చూడండి, బోణీ దీనికే చేస్తున్నాను. మందులో దోషం ఉంటే నా కోడికి వేసుకుంటానా?"

రెక్క ఎత్తి సూది గుచ్చాను. అది కిక్కురుమనలేదు. "చూశారా, నొప్పి కూడా ఉండదు," అన్నాను. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. అదే సూదితో ఊరి కోళ్ళన్నిటికీ వరసగా వేసుకుంటూ పోయాను.

ఆ గుంపు వెనక ఒకావిడ నిలబడి నా పెట్టనే చూస్తోంది. ఊరి చివరింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ, భర్త పోయాడు. ఆదివారం పక్క ఊరి చర్చికి నడిచి వెళ్ళొస్తుంది. ఊరంతా ఆవిణ్ణి "అప్ప" అని పిలుస్తారు, అంటే అక్క. ఆవిడకి డజను దాకా కోళ్ళుంటాయి, అన్నిటికీ పేర్లుంటాయి. పుంజు పేరు పోలీసు. నల్లపెట్ట పేరు టీచరమ్మ. వేసవిలో వాటికి తడిగోనె కప్పిన చాటు కడుతుంది. వానల్లో గూట్లో పొడి బూడిద పోస్తుంది, పేలు పట్టకుండా అవి అందులో పొర్లాడతాయి. చలి రోజుల్లో తన పాత చీర గూటికి అడ్డంగా కడుతుంది. కోళ్ళని అమ్మదు, కొయ్యదు. గుడ్లు మాత్రం తింటుంది, ఇచ్చేస్తుంది.

అప్ప నా దగ్గరికి వచ్చి మెల్లిగా అంది: "బాబూ, నీ కోడికి ఒంట్లో బాగోనట్టున్నాది. దాని రెట్ట సూడు."

అందరి ముందూ అంది. సరిగ్గా చప్పట్లు కొట్టిన జనం ముందు.

"కోళ్ళ డాక్టరు నువ్వా, నేనా?" అన్నాను.

జనం నవ్వారు. ఎవరైనా కోళ్ళ డాక్టరంటే మండిపడే నేను, ఆ బిరుదు నాకు నేనే తగిలించుకున్నాను. అప్ప వెనక్కి తిరిగింది. చరచరా ఇంటికి వెళ్ళిపోయింది. మేం ఆ ఇంటికి వెళ్ళేసరికి కోళ్ళన్నిటినీ లోపల వేసి, తలుపు దగ్గరేసి, గుమ్మంలో నిలబడి ఉంది.

"నా కోళ్ళకి సూదొద్దు."

"నీ ఖర్మ," అని బయల్దేరాను.

మర్నాడు పొద్దున్నకి మా ఇంట్లో నా పెట్ట ఒక పక్కకి ఒరిగిపోయింది. నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. మా ఆవిడ చూసి, "ఇదేదో పోయేలా ఉందండీ," అంది. నేను కాసేపు దాన్ని చూశాను. ఏం చూస్తున్నానో నాకు తెలుసు. తెలిసిందని ఒప్పుకుంటే వెంటనే ఆ ఊరు వెళ్ళాలి, డాక్టరుకి చెప్పాలి, చప్పట్లు కొట్టిన వాళ్ళకి మొహం చూపించాలి. కొక్కెర తెగులు కళ్ళ ముందు తల వాల్చి కూర్చుని ఉంటే, ఇన్నేళ్ళ అనుభవమున్న నేను మా ఆవిణ్ణి మసాలా నూరమన్నాను.

ఐదో రోజున అటెండరు సైకిలు స్టాండు వేస్తూనే చెప్పాడు. "సారూ, ఏటొడ్డూళ్ళో కోళ్ళు మెడలు తిప్పేస్తన్నాయంట. పొద్దుట్నించి ఇంటింటికీ పడిపోతన్నాయంట."

డాక్టరమ్మ వెంటనే బయల్దేరింది. దారంతా నేను "టీకా తర్వాత కొంచెం నలత ఉంటుంది మేడమ్, మామూలే," అంటూ వచ్చాను. అటెండరు రోడ్డు పక్క జీడిమామిడి చెట్లని పరీక్షగా చూస్తున్నాడు.

ఊరికి చేరేసరికి బోరింగు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళ మధ్యలో అప్ప. ఆవిడ బిందె దూరంగా దొర్లి పడి ఉంది. మీసాలాయన అరుస్తున్నాడు. ఆయన కోళ్ళలో ఒక్కటీ మిగల్లేదట.

"ఊరందరియీ పోతే నీ కోళ్ళెలా బతికినాయే? సూదొద్దని ఆ రోజు ముందే ఎలా తెలిసినాదే నీకు?" నిన్నటి దాకా అప్పా అని పిలిచిన నోరే అది. "ఏటి సేసినావో సెప్పు!"

"ఏటి సేస్తాదేటి, సిల్లంగి కాకపోతే," అని ఒక ఆడగొంతు గుంపులోంచి వచ్చింది. ఎవరన్నారో తెలీదు. ఆ మాట ఒకసారి బయటికొచ్చాక ఎవరన్నారన్నది ముఖ్యం కాదు. మన ప్రాంతంలో చిల్లంగి, అంటే చేతబడి, అన్న మాటకి ఎంత బరువుందో మీకు తెలీకపోతే ఎవరైనా పెద్దవాళ్ళని అడగండి. దానివల్ల ఇళ్ళు వదిలి పోయినవాళ్ళున్నారు, అసలు పోవడానికి వీలు లేనివాళ్ళూ ఉన్నారు.

అప్ప తల వంచుకోలేదు. ఏడవనూ లేదు. నోరు మెదపలేదు.

డాక్టరమ్మ గుంపులోకి దూరింది. అప్పుడే చచ్చిన కోడినొకదాన్ని తెమ్మని, బోరింగు చపటా మీద గోనె పరిపించి, అందరూ చూస్తుండగా కోసింది. కడుపు లోపలి పొర తిరగేసి, ఎర్రటి రక్తపు చుక్కల్ని చూపించింది.

"ఇది కొక్కెర తెగులు. చేతబడీ కాదు, మందు దోషమూ కాదు. ఇది గాల్లోంచి ఊడిపడదు, బయటనుంచి ఎవరో తేవాలి. నాలుగైదు రోజుల కిందట ఊళ్ళోకి బయటి కోడి ఏదైనా వచ్చిందా?"

"ఇదే తెచ్చుంటాది! చర్చి నించి వస్తా వస్తా!" అన్నాడు మీసాలాయన, అప్ప వైపు వేలు చూపిస్తూ.

అప్ప నా వైపు చూసింది. ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుంది.

ఆ క్షణంలో నాలో ధర్మం మేలుకొందని రాసుకుంటే బాగుంటుంది. అదేమీ జరగలేదు. నేను చకచకా లెక్కలు వేశాను. ఆ పెట్టని ఊరంతా చూసింది, కానీ ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే అది సారు కోడి. డాక్టరమ్మకి తెలీదు. పెట్ట ఇప్పుడు లేదు. నేను నోరు మూసుకుంటే చాలు, ఈ ముసలావిడ ఎటూ నోరు మూసుకునే ఉంది. నా రిటైర్మెంటుకి ఇంకా కొన్నేళ్ళే ఉన్నాయి.

అటెండరు దగ్గాడు. అతనికి దగ్గు లేదు.

ఈలోగా ఎవరో అప్ప ఇంటివైపు నడవడం మొదలుపెట్టారు. "ఆ గూడు తగలెట్టేయండి ముందు," అని ఒకడన్నాడు. ఇద్దరు ముగ్గురు కదిలారు. అప్పుడు మొదటిసారి అప్ప మొహం మారింది. "ఒరే, అయి నోరు నేని జీవాలురా," అంటూ వాళ్ళ వెనక పరిగెత్తబోయింది. మీసాలాయన అడ్డం నిలబడ్డాడు.

"వచ్చింది," అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. "బయటి కోడి వచ్చింది. నాది. ఆ రోజు నేను బోణీ చేసిన ఎర్రపెట్ట. దానికి రోగం ఉంది. అదే సూదితో మీ అందరి కోళ్ళకీ వేశాను. అప్ప చెప్పింది, నేను వినలేదు."

గూటివైపు వెళ్ళినవాళ్ళు ఆగారు. డాక్టరమ్మ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

"ఆ కోడి ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది.

"తినేశాను మేడమ్."

చపటా మీద కూర్చున్న ఒక ముసలాయన, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "బాగున్నాదేటి బాబూ?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెంటనే మీసాలాయన వచ్చి నా కాలరు పట్టుకున్నాడు. ఆ పట్టులో ఆయన పోయిన కోళ్ళన్నీ ఉన్నాయి. చొక్కా గుండీలు రెండు ఊడి బోరింగు నీళ్ళలో పడ్డాయి.

"ఆయన్ని వదలండి," అంది డాక్టరమ్మ. "కొట్టేశాక ఆయన పనికిరాడు. చచ్చిన కోళ్ళకి గొయ్యి తవ్వాలి. ఆయనే తవ్వుతారు."

తవ్వాను. ఊరవతల బీడులో, నడుం లోతున. అటెండరు సాయం పడతానంటే ఊరు ఒప్పుకోలేదు. గట్టు మీద కూర్చుని సున్నం బస్తాలు కాపలా కాయమన్నారు. ఇళ్ళనుంచి కోళ్ళని తట్టల్లో తెచ్చి నా ముందు పోస్తున్నారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట అంటున్నారు. "పుంజులు ఏరేగా ఎట్టాలేటి సారూ?" "ఇందులో కూరకి పనికొచ్చేయి సూసుకోండి." ఒక చిన్నపాటి పెట్టని తెచ్చినావిడ మాత్రం ఏమీ అనలేదు, దాని కళ్ళు మూసి, రెక్కలు సర్ది, మెల్లిగా పెట్టి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళ మాటలన్నీ కలిపినా నాకు అంత తగల్లేదు.

"నా ఉద్యోగం ఉంటుందా?" అని అటెండర్ని అడిగాను, పార ఆపి.

నన్ను రెండు నిమిషాలు చూశాడు. "ఉజ్జోగం ఉంటాది సారూ. పరువు పోతాది."

సున్నం జల్లి మట్టి కప్పేసరికి పొద్దు వాలింది. అప్ప గట్టు మీదికి వచ్చింది. చేతిలో గిన్నెడు అంబలి. ఆవిడ ముందు నిలబడే మొహం లేక గట్టు కిందే నిలబడ్డాను. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ రోజు నువ్వు నాతో చెప్పిన సంగతి ఇందాక అందరి ముందూ ఎందుకు చెప్పలేదప్పా?"

"నాను సెప్తే ఏటంటారు? నా నెత్తి మీదది తీసి సారు నెత్తి మీద ఎట్టేస్తన్నానంటారు." గిన్నె కింద పెట్టింది. "అది నువ్వు సెప్పాల్సిన మాట. నువ్వు సెప్పకపోతే నాను ఊరొదిలి పోదునేమో. నా కోళ్ళు ఎవలికి ఒప్పజెప్పాలా అని ఆలోసిస్తన్నాను అప్పటికే."

అంబలి తాగాను. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

శాఖాపరంగా జరగాల్సినవి జరిగాయి. మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది. డాక్టరమ్మ నాతో నెల రోజులు పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఒకరోజు హఠాత్తుగా పుస్తకం నా బల్ల మీద పెట్టి, "కోళ్ళ అధ్యాయం. చదివి రేపు నాకు అప్పజెప్పండి," అంది. ఆవిడ వయసు మా అమ్మాయి వయసు. చదివి అప్పజెప్పాను. రెండు చోట్ల తప్పాను.

ఊళ్ళో అప్పకి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మన ఊళ్ళల్లో ఆ మాట నోటితో చెప్పే అలవాటు తక్కువ. బోరింగు దగ్గర పక్కకి జరిగి ఆవిడ బిందెకి చోటిచ్చారు, అంతే. మీసాలాయన అదీ చెయ్యలేదు. ఆవిడ వస్తుంటే వేరే సందులోంచి పోయేవాడు.

రెండు నెలలపాటు ఊళ్ళోకి కొత్త కోడి రాకూడదని డాక్టరమ్మ కట్టడి చేసింది. గూళ్ళన్నీ కడిగించి సున్నం కొట్టించాం. ఆ గడువు తీరేసరికి వానలు మొదలయ్యాయి. అప్పుడు అప్ప తన ఇంటి గుడ్లు తినడం మానేసింది. పొదుగుకొచ్చిన టీచరమ్మ కిందా ఇంకో రెండు పెట్టల కిందా గుడ్లు పేర్చింది. వాన చల్లదనం తగలకుండా గంపల చుట్టూ గోనెలు కట్టి, పొద్దున్నా సాయంత్రం తడిమి చూసుకునేది. మూడు వారాలకి పిల్లలు దిగాయి. వారం పెంచి, కోళ్ళు లేని ఇళ్ళన్నిటికీ కబురు పెట్టింది, ఇంటికి రెండేసి చొప్పున పట్టుకుపొమ్మని. నాకూ కబురొచ్చింది. ఊళ్ళోకి పోయేలోపు కంట్లో వేసే టీకా చుక్క నేనే వచ్చి వెయ్యాలట.

ఆ పొద్దున్న అప్ప వాకిట్లో అడుగు పెట్టే ముందు కాళ్ళూ చేతులూ సబ్బుతో కడుక్కున్నాను. ఆవిడ చెంబుతో నీళ్ళు పోస్తూ, గోళ్ళ సందులు కూడా తోమించింది. మనుషులు ఒక్కొక్కరే వస్తున్నారు. అప్ప గంపలోంచి పిల్లని తీసి వాళ్ళ చేతిలో పెడుతోంది. నేను ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసి, అది రెప్ప ఆర్పేదాకా ఆగి, ఇంకోదాన్ని అందుకుంటున్నాను.

అందరూ వెళ్ళాక చివరికి మీసాలాయన వచ్చాడు. అసలు వాకిట్లోకి రాలేదు, దడి అవతలే చాలాసేపు నిలబడ్డాడు. అప్ప చూసింది గానీ రమ్మనలేదు, పొమ్మనలేదు. గంపలో చివరికి మిగిలిన రెండు పిల్లల్నీ తీసి అరచేతిలో పెట్టుకుని ఊరుకుంది. ఆయన తల దించుకుని వచ్చి చెయ్యి చాచాడు. ఆవిడ ఒకదాన్ని ఆ చేతిలో పెట్టింది. పడిపోతుందేమో అని ఆయన గుప్పిట బిగించేశాడు. పిల్ల కీచుమంది.

అప్ప తన చెయ్యి చాచి ఆయన వేళ్ళని ఒక్కొక్కటే వదులు చేసింది.

"అంత గట్టిగా నొక్కకురా," అంది. "పాపం, అదేటి సేసినాదని?"